గురువారం నాటి కడుపునొప్పి, వంద గడుల పటం

బడివేళకు ముందు మొదలై, బడిగంట మోగిన గంటన్నరకు దానంతట అదే తగ్గిపోయే కడుపునొప్పిని మీ ఇంట్లో ఎప్పుడైనా చూశారా? చూసి ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. చూడకపోయినా, ఇంట్లో ఎక్కాలు నేర్చుకునే వయసు పిల్లలుంటే చివరిదాకా చదవమని మనవి.

ఉద్యోగ విరమణ తర్వాత నేను తిమ్మాజిపేట మండలంలోని మా ఊరికి చేరుకున్నాను. ఇంటిముందు బోర్డు పెట్టలేదు. అయినా ఒకసారి డాక్టరైనవాడి అరుగు ఖాళీగా ఉండదు కదా. ఒకనాటి ఉదయం ఒక ముసలమ్మ తన మనుమరాలిని చేయిపట్టుకొని తీసుకువచ్చింది. పిల్లకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. తల్లిదండ్రులు హైదరాబాదులో కట్టడపు పనుల్లో ఉన్నారు. పాలమూరు నేలలో ఇది కొత్త కథ కాదు. పిల్లలు అమ్మమ్మల దగ్గర, పెద్దలు పట్నంలో.

"మల్ల కడుపు నొస్తుందంటుంది సారూ. పొద్దుగాల చాయ గూడ తాగలే" అన్నది అమ్మమ్మ.

పొట్ట మెత్తగా ఉంది. జ్వరం లేదు, వాంతులు లేవు. ఎక్కడ నొప్పి అని అడిగితే అరచేతిని బొడ్డు మీద పెట్టి చూపింది. నులిపురుగుల మాత్ర ఇచ్చి పంపాను. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చారు. ఈసారి మూత్రపరీక్ష చేయించుకొమ్మని రాశాను. అందులో ఏ దోషమూ లేదు. మూడోసారి వచ్చినప్పుడు పొట్టలో మంట తగ్గించే మందు రాశాను. మూడు సార్లు, మూడు చీటీలు, మూడు వేర్వేరు కాగితాలు. వాటిని పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. దశాబ్దాల అనుభవం ఉన్న వైద్యుడినని చెప్పుకొనే నేను చేసిన తప్పు అది.

ఆ తప్పును దిద్దినది ఒక గోడ క్యాలెండరు. అమ్మమ్మ రక్తపోటు చూడడానికి ఒకసారి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. గోడకు వేలాడుతున్న క్యాలెండరులో పాల లెక్కకు గీసుకున్న గీతల మధ్య అక్కడక్కడా ఇంటూ గుర్తులు కనిపించాయి. అవేమిటని అడిగాను.

"పిల్ల బడికి వోని దినాలు సారూ. వాళ్ళమ్మ ఫోన్ల అడుగుతది. నాకు రాయనీకి రాదు, అందుకే గట్ల గీస్కుంట."

5, 12, 26. మన తెలుగు క్యాలెండర్లలో తరచుగా ఉండే పద్ధతిలోనే ఆ క్యాలెండరులోనూ వారాల పేర్లు ఎడమ పక్కన పైనుంచి కిందికి ఉన్నాయి. తేదీలు అడ్డంగా ఏడేసి పెరుగుతూ పోతాయి. మూడు గుర్తులూ ఒకే అడ్డువరుసలో పడ్డాయి. గురువారం వరుస. మధ్యలో 19 మీద గుర్తు లేదు. ఆ గురువారం పండుగ సెలవు.

పిల్లను దగ్గర కూర్చోబెట్టుకొని అడిగాను. "గురువారం బడిల ఏముంటది బిడ్డా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "ఎక్కాలు అప్పజెప్పుడు సారూ. నిలవడి చెప్పాలె. నాకు ఏడో ఎక్కం రాదు."

ఇక్కడ ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలి. ఆ నొప్పి నటన కాదు. మన జీర్ణనాళానికి తనదైన నాడీవ్యవస్థ ఉంది. అది మెదడుతో ఎడతెగకుండా సంభాషిస్తూ ఉంటుంది. భయం వేసినప్పుడు పేగుల కదలికలు మారుతాయి, మామూలుగా తెలియని కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ నగరపు పిల్లల వైద్యుడు జాన్ యాప్లీ తన సహచరురాలు నేష్‌తో కలిసి వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలించి 1958లో ఒక నివేదిక ప్రచురించారు. దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి మళ్ళీమళ్ళీ వచ్చే కడుపునొప్పి ఉందనీ, వారిలో చాలామందికి శరీరంలో వెదికి పట్టుకోదగిన వ్యాధి కనిపించలేదనీ అందులో తేలింది. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే శారీరక వ్యాధి ఉండే అవకాశం అంత ఎక్కువ అన్న యాప్లీ సూత్రాన్ని వైద్యవిద్యార్థులు నేటికీ చదువుతారు. నేనూ చదివాను. చదివినది సమయానికి గుర్తుకు రాలేదు.

అయితే పిల్ల కడుపునొప్పి అన్న ప్రతిసారీ "బడి ఎగ్గొట్టే వేషం" అని తీర్మానించకండి. నొప్పి పిల్లను నిద్రలోంచి లేపుతున్నా, జ్వరం ఉన్నా, వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా, నొప్పి బొడ్డు దగ్గర కాక కుడివైపు కింద స్థిరపడినా ఆలస్యం చేయక వైద్యుని చూడండి. ఇవేవీ లేకుండా ఉంటేనే క్యాలెండరు వైపు చూడండి.

మరుసటి వారం నేను ఆ బడికి వెళ్ళాను. అక్కడి ఉపాధ్యాయురాలు ఓర్పు గల మనిషి. నాలుగు, అయిదు తరగతులు ఒకే గదిలో, ఒకే మనిషి చేతిలో. "ఎక్కాలు రాకపోతే పై తరగతిల ఎట్ల నెగ్గుకొస్తరు సారూ" అన్నది ఆమె. ఆ మాటలో తప్పేమీ లేదు. ఎక్కాలు రావలసిందే. వాటిని చేరుకునే దారి ఒక్కటేనా అన్నదే ప్రశ్న. వారానికి ఒక గంట నాకు ఇమ్మని అడిగాను. "గురువారమే ఇయ్యండి" అన్నాను. ఆమె నవ్వి ఒప్పుకున్నది.

మొదటి గురువారం ఎవరినీ నిలబెట్టలేదు, ఎవరినీ ఏమీ అప్పజెప్పమనలేదు. గళ్ళ పుస్తకంలో పది అడ్డువరుసలు, పది నిలువువరుసలు గల చదరం గీయించి, 1 నుంచి 100 వరకు రాయించాను. ఒక్కో వరుసకు పది అంకెలు. తర్వాత తొమ్మిదితో మొదలుపెట్టి, తొమ్మిదేసి గడులు లెక్కపెట్టుకుంటూ చేరిన ప్రతి గడికీ రంగు వేయమన్నాను. వేళ్ళతో లెక్కపెట్టవచ్చు, పక్కవాడిని అడగవచ్చు, తప్పు పోతే చెరిపివేయవచ్చు.

9, 18, 27, 36... కాసేపటికి గది మూలనుంచి ఒక కేక వినిపించింది: "సారూ, మెట్లు!"

నిజమే. రంగు వేసిన గడులు కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి ఐమూలగా మెట్లు దిగుతున్నాయి. ఎందుకు అట్లా దిగుతున్నాయని అడిగాను. వెంటనే ఎవరూ చెప్పలేదు. ఒక గడి కిందికి దిగితే ఎంత పెరుగుతుంది? పది. ఎడమకు ఒక గడి జరిగితే? ఒకటి తగ్గుతుంది. పది కలిపి ఒకటి తీసివేస్తే తొమ్మిది. అంటే తొమ్మిది కలపడమంటే ఒక మెట్టు దిగి ఒక అడుగు ఎడమకు వేయడమే. అందుకే పదుల స్థానం ఒకటి పెరుగుతూ, ఒకట్ల స్థానం ఒకటి తగ్గుతూ వస్తుంది. అందుకే 18లోనూ 63లోనూ 81లోనూ అంకెలు కూడితే తొమ్మిదే వస్తుంది. 81 దగ్గర ఎడమ అంచు వచ్చి మెట్లు ఆగిపోయాయి. తర్వాతి 90 అదే వరుసలో కుడి చివరకు దూకింది. ఎందుకు దూకిందో పిల్లలు తమలో తాము వాదించుకొని తేల్చుకున్నారు. పదకొండేసి రంగు వేస్తే మెట్లు రెండోవైపుకు దిగాయి. అయిదేసి వేస్తే రెండు నిలువు స్తంభాలు నిలిచాయి.

మన పిల్ల ఆ రోజు బడికి వచ్చింది. మాట్లాడలేదు. కాని గంట అయిపోయినా రంగుపెన్సిలు కింద పెట్టలేదు.

భయానికీ లెక్కకూ ఉన్న వైరాన్ని మీకు కొంచెం వివరించాలి. ఏడెనిమిదులెంత అని అడిగినప్పుడు పిల్ల మెదడు ఆ ప్రశ్నను కాసేపు పట్టి ఉంచుకోవాలి, ఏడైదులు ముప్పై అయిదు వంటి తెలిసిన మెట్టును తెచ్చుకోవాలి, దానికి ఇరవై ఒకటి కలపాలి. ఈ తాత్కాలికమైన పట్టును మనోవిజ్ఞానులు పనిచేసే జ్ఞాపకశక్తి అంటారు. దాని విస్తీర్ణం చిన్నది. "తప్పు చెబితే నవ్వుతారేమో" అన్న ఆందోళన అందులో సగం చోటు ఆక్రమిస్తే లెక్కకు చోటు మిగలదు. తెలిసినది కూడా ఆ క్షణంలో తెలియకుండా పోతుంది. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో వినోద్ మీనన్ బృందం ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల మెదళ్ళను స్కానింగ్ ద్వారా పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించింది. లెక్కలంటే భయపడే పిల్లల్లో లెక్క చేస్తున్నప్పుడు భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగం ఎక్కువగా చురుకైంది. ఆలోచనకు సంబంధించిన భాగాలు తక్కువగా పనిచేశాయి. అదే బృందం 2015లో ప్రకటించిన మరొక పరిశీలన మనకు ధైర్యం ఇస్తుంది. ఎనిమిది వారాలపాటు ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్కరు దగ్గర కూర్చొని ఓపికగా నేర్పితే భయమూ తగ్గింది, అమిగ్డలా అలజడీ తగ్గింది. అంటే ఇది పుట్టుకతో వచ్చిన మందబుద్ధి కాదు. చికిత్సకు లొంగే స్థితి.

రెండో వారం ఎక్కాలనే గడుల్లో పెట్టాము. పైన 1 నుంచి 10, పక్కన 1 నుంచి 10, మధ్యలో నూరు గడులు. అన్నీ నింపిన తర్వాత కాగితాన్ని ఐమూలగా మడవమన్నాను. ఏ గడి మీద ఏ గడి పడింది? 3×7 మీద 7×3, 4×8 మీద 8×4. రెండు చోట్లా ఒకే సంఖ్య. మడత మీద ఉన్న పది గడులు మాత్రం జతలేనివి: 1, 4, 9, 16 మొదలుకొని 100 వరకు. కాబట్టి నేర్చుకోవలసినవి వంద కాదు, యాభై అయిదే. వాటిలో ఒకటో ఎక్కం, పదో ఎక్కం అందరికీ వచ్చు. రెండంటే రెట్టింపు. అయిదో ఎక్కం గడియారం చూసి కూడా చెప్పవచ్చు. ఆ నాలుగూ కొట్టివేస్తే మిగిలినవి ఇరవై ఒకటి. తొమ్మిదో ఎక్కం పోయినవారమే మెట్ల మీద దొరికింది. అదీ తీసివేస్తే పదిహేను.

మన పిల్ల ఆ పదిహేనింటినీ వేలితో రెండుసార్లు లెక్కపెట్టి, మొదటిసారి నోరు విప్పింది. "గింతేనా సారూ?"

అంతే. వంద అనుకొని వణికినది పదిహేను. వైద్యంలోనూ ఇదే జరుగుతుంది. జబ్బు పేరు తెలియనంతకాలం రోగికి అది కొండంత. ఎంతవరకు వ్యాపించిందో, ఏమి చేయాలో చెప్పిన తర్వాత జబ్బు తగ్గకపోయినా భయం సగం తగ్గుతుంది.

ఈ గడుల మధ్యనే మరొక పిల్లవాడి సంగతి బయటపడింది. ఇంతకాలం "ధ్యాస లేదు" అనిపించుకున్న కుర్రాడు. నల్లబల్ల మీద నేను 38 రాస్తే పుస్తకంలో 33 ఎక్కించాడు, 71 రాస్తే 11. అదే పటం కాగితం మీద చేతికిస్తే ఒక్క గడి కూడా తప్పలేదు. తప్పులు ధ్యాసవి అయితే కాగితం మీద కూడా రావాలి కదా. దూరం నుంచి చూసినప్పుడే వస్తున్నాయంటే లోపం కంటిలో ఉన్నది. కంటిపరీక్షకు పంపాము. దూరపుచూపు తక్కువని తేలింది, కళ్ళజోడు వచ్చింది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి వైద్యబృందాలు బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తున్నాయి. వారు వచ్చిన రోజు మీ పిల్లను తప్పక బడికి పంపండి. ఆ రోజు కోసం ఎదురుచూడకుండా, పిల్ల టీవీకి మరీ దగ్గరగా జరుగుతున్నా, కళ్ళు చికిలించి చూస్తున్నా, బల్ల మీది అంకెలు తప్పుగా ఎక్కిస్తున్నా మీరే కంటివైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.

ఒక గురువారం నా పాత సంచిలోంచి ఒక ఇసిజి కాగితం తీసుకువెళ్ళాను. గుండె చప్పుడు గీసిన గీత కూడా గళ్ళ కాగితం మీదనే ఉంటుందని చూపడానికి. కాగితం మామూలు వేగంతో నడిచినప్పుడు ఒక్కో పెద్ద గడి సెకనులో అయిదో వంతు. నిమిషానికి మూడు వందల గడులు. రెండు శిఖరాల మధ్య ఒక పెద్ద గడి ఉంటే గుండె నిమిషానికి 300 సార్లు కొట్టుకుంటున్నట్టు. రెండు గడులైతే 150, మూడైతే 100. నాలుగైతే ఎంత అని అడిగాను. చాలామంది 50 అన్నారు. యాభై చొప్పున తగ్గుతుందని వారి ఊహ. "మూడు వందలను నలుగురికి పంచుండ్రి" అన్నాను. 75. తర్వాత 60, ఆ తర్వాత 50. తగ్గుదల ఒకే తీరుగా లేదని చూసి వారు ఆశ్చర్యపోయారు. పాత కాగితంలోని గుండె నాలుగు గడుల దూరంలో కొట్టుకుంటున్నది. ఆ తర్వాత పిల్లలందరూ తమ మణికట్టు పట్టుకొని కూర్చున్నారు.

మరొకసారి నేలమీద సుద్దతో చదరంగపు బల్ల గీశాము. మొదటి గడిలో ఒక మక్కగింజ, రెండో దానిలో రెండు, మూడో దానిలో నాలుగు. ఎనిమిదో గడికి 128. పదో గడికి 512 కావలసి వచ్చేసరికి తెచ్చిన గింజలు చాలలేదు. అరవైనాలుగు గడులూ నింపాలంటే ఎన్ని గింజలు కావాలో చెప్పే పద్యం ఒకటి మన తెలుగులో ఉంది. పదకొండో శతాబ్దపు గణితకవి పావులూరి మల్లనదిగా చెబుతారు. మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినవాడు ఆయన. అంకెలను శరములు, చంద్రుడు, వేదములు వంటి మాటలతో సూచిస్తూ, ఒకట్ల స్థానం మొదలుకొని చెప్పిన ఆ సంఖ్య 18446744073709551615. ఇరవై అంకెలు. బల్లమీద రాసి చూపితే పిల్లలు చదవలేక నవ్వారు.

నేను వైద్యుణ్ణి గనుక కథను అక్కడ ఆపలేకపోయాను. వెచ్చదనమూ తేమా ఆహారమూ దొరికితే కొన్ని రకాల బాక్టీరియా సుమారు ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. పొద్దున ఎనిమిదింటికి వండి మూత పెట్టకుండా వదిలిన పప్పులో ఒక్కటి పడిందనుకోండి. మధ్యాహ్నం మూడింటికి ఏడు గంటలు, అంటే ఇరవై ఒక్క రెట్టింపులు. బల్లమీద అది మూడో వరుసలో ఆరో గడి. అందులోని గింజలు 20,97,152. "చేతులు కడుక్కోండి" అని సంవత్సరాల తరబడి చెప్పిన ఉపన్యాసాలకు రాని ఫలితం ఆ ఒక్క గడికి వచ్చింది. ఆ వారం మధ్యాహ్న భోజనానికి ముందు కుళాయి దగ్గర వరుస కట్టారని ఉపాధ్యాయురాలు చెప్పింది.

మాయాచదరాలు కూడా ఆడాము. 1 నుంచి 9 వరకు అంకెలను మూడుమూళ్ళ గడుల్లో ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చేలా అమర్చాలి. తొమ్మిది అంకెల మొత్తం 45, వరుసలు మూడు, కాబట్టి ఒక్కో వరుస 15. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో నాలుగునాలుగుల గడుల్లో సుగంధద్రవ్యాల పాళ్ళు ఇచ్చాడు. ఎటు కూడినా 18. అది కొలతల పట్టిక. ఇటువంటి అంకెల రేకులనే జ్వరానికీ విరేచనాలకూ మెడలో కట్టుకొని వచ్చిన పిల్లలను నా ఉద్యోగకాలంలో ఎందరినో చూశాను. కొందరు నీరంతా కోల్పోయి ఆలస్యంగా వచ్చారు. విరేచనాల పిల్లకు కావలసినది ఓఆర్ఎస్ నీళ్ళు, జింకు మందు, వైద్యుని సలహా. మాయాచదరాన్ని తన చేతులతో తయారుచేసిన పిల్ల దానిని చూసి ఆనందిస్తుంది గాని దానిమీద ప్రాణం పెట్టుకోదు.

ఇక మన పిల్ల సంగతి. ఒకనాడు వంద గడుల పటంలో రెండురెండ్ల పెట్టె గీయమన్నాను. ఉదాహరణకు 34, 35, వాటి కింద 44, 45. ఐమూలగా కూడితే రెండువైపులా 79. ఐమూలగా గుణిస్తే? 34×45 అంటే 1530, 35×44 అంటే 1540. తేడా పది. పెట్టెను ఎక్కడ పెట్టినా తేడా పదే. పెద్ద గుణకారాలు కష్టమైనవారు పటంలో పైమూలనే పెట్టె గీసుకున్నారు: 1, 2, 11, 12. ఒక పన్నెండులు 12, రెండు పదకొండులు 22. తేడా పది.

పిల్ల ఇంటికి వెళ్ళి ఆ ఆటను గోడ క్యాలెండరు మీద ఆడింది. మరుసటి గురువారం నా దగ్గరకు వచ్చి, "క్యాలెండర్ల పది వస్తలేదు సారూ. ఏడు వస్తుంది" అన్నది. తను తప్పు చేశానేమో అన్న జంకు గొంతులో ఉంది. 5, 6, పక్కన 12, 13. అయిదు పదమూళ్ళు 65, ఆరు పన్నెండ్లు 72. తేడా ఏడు. నేను ఏమీ చెప్పలేదు. "ఎందుకు ఏడు?" అని మాత్రం అడిగాను. అరగంట తర్వాత తనే గళ్ళ పుస్తకంలో వరుసకు ఆరేసి అంకెలతో ఒక పటం గీసి, అందులో పెట్టెలు గుణించి, తిరిగి వచ్చింది.

"పటంల వరుసకు ఎన్ని గడులుంటే గంత తేడా సారూ. గీ దాంట్ల ఆరు."

ఎవరూ నేర్పని సంగతి. పుస్తకంలో చూసినదీ కాదు. ఏడో ఎక్కం రాదని కడుపు పట్టుకొని ఇంట్లో కూర్చున్న పిల్ల, ఆ ఏడును వెదుక్కుంటూ వెళ్ళి పట్టుకొని వచ్చింది. ఆ క్యాలెండరు ఏదో మీకు తెలుసు.

ఇది అద్భుతం కాదు, అతిశయోక్తిగా చెప్పను. ఆ తర్వాత కూడా రెండుసార్లు ఆమెకు కడుపునొప్పి వచ్చింది. ఒకసారి గురువారం, ఒకసారి అమ్మానాన్నలు పండుగకు వచ్చి తిరిగి పట్నం బస్సెక్కిన మరునాడు. రెండోదానికి నా గడుల్లో మందు లేదు. ఏడెనిమిదులు ఇప్పటికీ కాసేపు ఆలోచించే చెబుతుంది. కాని నిలబడి ఆలోచిస్తుంది. ఆమె ఆలోచించేదాకా ఉపాధ్యాయురాలు ఆగుతున్నది.

మీరు ఇంట్లో చేయగలిగినది ఇదే. పిల్లకు తరచుగా తలనొప్పి, కడుపునొప్పి వస్తుంటే ఒక క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. నెల తర్వాత గుర్తులు ఏ వరుసలో పడ్డాయో చూడండి. వైద్యుని దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ క్యాలెండరును కూడా తీసుకువెళ్ళండి; నావంటి తొందరపాటు వైద్యునికి అది కనువిప్పు కావచ్చు. వంద గడుల పటం గీసి పిల్లతో కలిసి రంగులు వేయండి. సమయం పెట్టవద్దు. పక్కింటి పిల్లతో పోల్చవద్దు. "నాకూ లెక్కలు రావు, నా పోలికే" అని పిల్ల ఎదుట అనవద్దు. అది వారసత్వంగా అంటుకునే మాట. ఎంత ఓర్పుగా నేర్పినా సంఖ్యల పరిమాణమే అందని పిల్లలు కొందరు ఉంటారు. డిస్కాల్కులియా అనే ఈ ఇబ్బంది నూటికి సుమారు అయిదుగురిలో ఉంటుందని అంచనా. అది బద్ధకం కాదు. అటువంటి పిల్లలకు నిపుణుల సాయం కావాలి.

పోయిన నెల అమ్మమ్మ రక్తపోటు చూడడానికి మళ్ళీ వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కొత్త క్యాలెండరులో పాలగీతలున్నాయి. ఇంటూ గుర్తు ఒక్కటే ఉంది, అదీ మంగళవారం వరుసలో. ఏమైందని అడిగాను.

"జరమొచ్చింది సారూ" అన్నది పిల్ల. ఒక్క క్షణం ఆగి, "నిజం జరమే" అన్నది.